శుక్రవారం లోపు తీసుకుపోవలసిన బండి

పల్నాడు వెళ్ళి పాత కారు కొనుక్కొచ్చానంటే రాజమండ్రిలో మా వీధివాళ్ళు మొదట అడిగే మాట, 'అంత దూరం ఎందుకండీ, ఇక్కడ దొరకలేదా?' అని. రెండోది, 'ఎంత పడిందండీ?' ధర చెప్పగానే మూడోది, 'అంత చవగ్గా ఎందుకిచ్చారండీ?' ఈ మూడో ప్రశ్నకు అయిదు రోజుల ప్రయాణంలో నాకు నాలుగు జవాబులు దొరికాయి. నాలుగూ నిజమేనని అనిపిస్తుంది. నాలుగూ కలిపితే మాత్రం ఇప్పటికీ పొంతన కుదరదు.

పత్రికాఫీసు డెస్కు మీద ముప్పయ్యేళ్ళు కూర్చున్నవాడిని. ముఖ్యమైన సంగతి మొదట్లోనే రాయడం అలవాటు. గురజాలకు దగ్గర్లో ఒక ఊరు ఉంది. పేరు రాయను, కారణం మీకే తెలుస్తుంది. ఆ ఊళ్ళో ఆదిలక్ష్మమ్మ అనే రైతు మహిళ తన ఏడు సీట్ల తెల్ల బండిని శుక్రవారం లోపు ఊరు దాటించాలనుకుంది. ఆమె కొడుకు కోటేశ్వరరావుకు, అంటే కోటికి, కరెంటు లైన్‌మన్ ఉద్యోగం వచ్చింది. పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది. శుక్రవారం వాళ్ళ వర్గం నాయకుడు ఊళ్ళోకి వస్తున్నాడు. ఊరేగింపులో ముందు బండి కోటిదే, నడిపేదీ కోటే. అక్కడ గొడవ జరిగి వాడి మీద ఒక్క కేసు పడితే ఉద్యోగం పోతుంది. ఇదంతా బయలుదేరక ముందే నాకు ఫోనులో తెలిసింది. తెలియనిది మిగతాదంతా.

నరసరావుపేట, మంగళవారం

ఫోను చేసింది ఏసురత్నం. నరసరావుపేటలో బడి పంతులుగా చేస్తూ ఇరవయ్యేళ్ళు మా పత్రికకు వార్తలు పంపాడు. ఆయన మూడు పేజీలు పంపితే నేను మూడు పేరాలు వేసేవాడిని. బస్టాండులో నన్ను చూడగానే, "ఇరవయ్యేళ్ళు నా వార్తలు కోశారు సార్. ఇప్పుడు మా పల్నాడోళ్ళు మీ జేబు కోత్తారు, రండి," అని సంచీ అందుకున్నాడు.

నాకు ఈమధ్యే, అరవై రెండో ఏట లైసెన్సు వచ్చింది. మా ఆవిడకు మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక బస్సు మెట్లు ఎక్కలేకపోతోంది. అందుకని కారు. ఇంతకు మించి నా దగ్గర కార్ల పరిజ్ఞానం లేదు. అది గ్రహించి ఏసురత్నం నన్ను ముందు హోటలుకు, తర్వాత సైదా దగ్గరికి తీసుకెళ్ళాడు. హోటల్లో ఇడ్లీ ప్లేటు నలభై రూపాయలు. ఇడ్లీ కనబడనంత ఎర్రటి కారప్పొడి, దాని మీద నెయ్యి. మా వైపు కారప్పొడి ఇడ్లీ పక్కన ఉంటుంది, ఇక్కడ ఇడ్లీయే కారప్పొడి పక్కన ఉంది. నేను మంచినీళ్ళ కోసం చెయ్యి చాపితే సర్వరు మళ్ళీ కారప్పొడి తెచ్చాడు.

సైదా ముప్పయ్యేళ్ళుగా మెకానిక్కు. బండి సంగతి అతనికి తెలుసు. 'మంచి బండి,' అన్నాడు. మరుక్షణమే, 'చవగ్గా ఇచ్చే బండిని మాత్రం నమ్మబాకండి,' అన్నాడు.

"అది చవగ్గానే ఇస్తున్నారు గదా సైదా?"

"అందుకే చెప్తన్నా."

"మరి కొనాలా వద్దా?"

"కొనండి. నమ్మబాకండి."

నేను నోటుబుక్కు తీశాను. అతను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. మీలో ఎవరికైనా ఉపయోగపడుతుంది కాబట్టి ఇక్కడ పెడుతున్నాను. బండిని పొద్దున్నే చూడాలి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు. మనం వెళ్ళేసరికే బానెట్టు వెచ్చగా ఉందంటే ముందే స్టార్టు చేసి ఏదో దాచారన్నమాట. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి. లోపలి భాగంలో ఎండిన బురద గీత ఉంటే ఆ బండి ఎప్పుడో వరదలో మునిగింది. ప్రతి టైరు మీదా నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్ళు దాటిన టైరును నమ్మి హైవే ఎక్కకూడదు. సి బుక్కులో, అంటే రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నదానితో అంకె అంకె సరిపోవాలి. ఫైనాన్సు తీరితే ఆ కాగితం విడిగా అడగాలి. ఫోనులోనే చలానాలు చూసుకోవాలి.

"పెళ్ళిచూపులకు పోయినట్టు కాఫీ తాగి రాబాకండి సారూ," అన్నాడు సైదా. "మోకాళ్ళ మీద వంగి కింద చూడండి. సిగ్గుపడితే బండి రాదు."

ఊళ్ళో, బుధవారం

ఏసురత్నానికి చర్చిలో పని పడింది. సైదా నాతో వచ్చాడు. పిడుగురాళ్ళ దాటేదాకా చెట్లు, కప్పులు, మనుషుల కనుబొమలు సున్నపు బట్టీల దుమ్ముతో తెల్లగా ఉన్నాయి. గురజాల దాటి ఊళ్ళోకి దిగేసరికి తొమ్మిదయింది.

బండి వాకిట్లో ఉంది. కారు అని మొదట పోల్చుకోలేకపోయాను. ముందు మంచం పట్టె అంత లావు ఇనప గార్డు. అద్దాలన్నిటికీ నల్ల ఫిల్ము. కప్పు మీద వరసగా లైట్లు. వెనక అద్దం నిండా నాయకుడి ముఖం, నవ్వుతూ. బానెట్టు మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. పాఠం గుర్తున్నందుకు సంతోషించాను.

ఇంతలో లోపలినుంచి పాతికేళ్ళ కుర్రవాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి వీధి వినబడేట్టు అరిచాడు. "ఎవురు చెప్పార్రా ఈ బండి అమ్మకానికని? ఆయిల్ తాగుద్ది, గేరు పడదు. పోండి, పోండి!"

అదే కోటి. నేను రెండడుగులు వెనక్కి వేశాను. సైదా కదల్లేదు. కోటి నా దగ్గరికొచ్చి అదే ఊపులో, గొంతు మాత్రం తగ్గించి, "వెనక ఎడమ టైరు పాతది సార్, మార్పించుకోండి. క్లచ్చి పోయినేడాదే ఏపిచ్చా. బాగుంది. తీసుకోండి," అన్నాడు. మళ్ళీ వీధికి తిరిగి, "చెప్తంటే ఇనపడటల్లా?" అని అరిచాడు.

నాకు ఏ మాట నమ్మాలో తెలియలేదు. సైదా బండి కిందికి దూరాడు. నేనూ మోకాళ్ళ మీద వంగాను. నా మోకాళ్ళూ కొత్తవేం కావు. సీటు బెల్టు లాగాను, బురద లేదు. ఛాసిస్ నంబరు చదివాను, సరిపోయింది. సి బుక్కు ఆదిలక్ష్మమ్మ పేరు మీదే ఉంది. ఫైనాన్సు తీరిన కాగితం ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. ఆయిల్ కడ్డీ తుడిచి ముంచి చూస్తే మట్టం తగ్గలేదు. ఆ టైరు తప్ప ఎంత వెతికినా లోపం దొరకలేదు. అది దొరకకపోవడమే నన్ను మరింత కంగారు పెట్టింది.

ఆదిలక్ష్మమ్మ మమ్మల్ని వంటింటి వసారాలో కూర్చోబెట్టి అన్నం పెట్టింది. గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, చిక్కటి మజ్జిగ.

"మీ గోదారోళ్ళు పులుసులో బెల్లం ఏస్తారంట గదా అన్నా?"

"కొంచెం వేస్తామండి."

"ఎందుకు?"

అరవై రెండేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. 

"మీ అబ్బాయి అమ్మనంటున్నాడు గదమ్మా," అన్నాను.

"అట్టా అనకపోతే ఎట్టా? రేపు ఊళ్ళో మొకం చూపియ్యాల. అమ్మ అమ్మేసింది, నేనొద్దన్నా, అని చెప్పుకోవాల గదా." ఆమె మజ్జిగ పోస్తూ చెప్పింది. "ఈళ్ళ నాయన సర్పంచిగా చేశాడు. ఆ బండి వాకిట్లో ఉన్నప్పటి నుంచి మా ఇంట్లో అన్నం తిన్న రోజులకంటే జామీనుకని, వాయిదాకని తిరిగిన రోజులే చానా. ఆయన పోయాడు. ఇప్పుడు ఆ బండిని చూసి వీడి కోసం వత్తన్నారు. వీడికి రానని చెప్పటం చాతకాదు. కొట్టటానికి చాతనవుద్ది, తన్నులు తినటానికి చాతనవుద్ది. రానని చెప్పటం చాతకాదు."

"ఊళ్ళోనే ఎవరికైనా అమ్మొచ్చు గదా?"

"అవతలోళ్ళు కొంటే మా వాకిలి ముందే హారన్ కొట్టుకుంటా తిరుగుతారు, వీడి రక్తం మరుగుద్ది. మనోళ్ళు కొంటే వీణ్ణే డ్రైవరుగా కూర్చోబెడతారు. అందుకే దూరపోడు కావాలన్నా. మీరు చానా దూరం గదా?"

చానా దూరమేనని ఒప్పుకున్నాను. చవకకు అది మొదటి జవాబు.

అంతలో తలపాగా చుట్టుకున్న ఒక పెద్దమనిషి గేటు తోసుకుని వచ్చాడు. నన్ను చూసి, "ఎవరీయన?" అన్నాడు.

"ఇన్సూరెన్సాయన," అంది ఆదిలక్ష్మమ్మ, గరిటె దించకుండా.

"ఎల్లుండికి బండి రెడీనా కోటీ?"

"రెడీనే మావా," అన్నాడు కోటి.

పెద్దాయన నావైపు తిరిగి, తన ట్రాక్టరు ఇన్సూరెన్సు దాటిపోయి నెలయిందని, ఏమన్నా చెయ్యగలనా అని అడిగాడు. ఆలస్యం చేస్తే యాక్సిడెంటుకు మీరే బాధ్యులవుతారు, ఈరోజే కట్టండి, అని నాకు తెలిసినంతలో గట్టిగా చెప్పాను. ఆయన చాలా మెచ్చుకుని వెళ్ళిపోయాడు. ఆ సలహా సరైనదే. ఇచ్చినవాడు ఎవరన్నదే తేడా.

బేరం కుదిరింది. ఆమె పెట్టిన షరతు ఒక్కటే. బండిని కోటి స్వయంగా మా ఇంటిదాకా నడిపి దించి రావాలి. కొత్త లైసెన్సువాడిని, అంత పెద్ద బండి హైవే మీద నడపాలంటే నాకూ దడగానే ఉంది. వెంటనే ఒప్పుకున్నాను. నా మీద దయతో పెట్టిన షరతే అనుకున్నాను. సైదా బస్సెక్కుతూ నా చెవిలో, "ఆమె మీకు బండి అమ్మలా సారూ, బండితో పాటు పిలగాణ్ణి పంపిచ్చింది," అన్నాడు. రెండో జవాబు అది. అప్పుడు నాకది అర్థం కాలేదు.

మాచర్ల, గురువారం

ఆ తగిలింపులతో బండి నాకు వద్దన్నాను. అవి బిగించిన దుకాణం మాచర్లలోనే ఉంది, తీయించుకుందాం పదండి, అన్నాడు కోటి. రాత్రి వాళ్ళింట్లోనే పడుకుని తెల్లవారుతూనే బయలుదేరాం, ముందు ఆ పాత టైరు మార్పించాం.

దుకాణం యజమాని బండి చుట్టూ తిరిగి బాధపడ్డాడు. "ఎవురైనా పెట్టిచ్చుకోటానికి వత్తారు. పీకిచ్చుకోటానికి వచ్చినోడివి నువ్వే సారూ."

గార్డు ఎందుకు తీయాలో నేను సైదా దగ్గర నేర్చుకున్నది చెప్పాను. గుద్దుకున్నప్పుడు బండి ముందుభాగం నలగాలి, ఆ నలగడం లోపలివాళ్ళను కాపాడుతుంది. గార్డు ఆ దెబ్బను నేరుగా ఛాసిస్‌కు పంపుతుంది. గాలి సంచులు, అంటే ఎయిర్ బ్యాగులు, విచ్చుకోవలసిన వేళకు విచ్చుకోవు. అద్దాల ఫిల్ముకు జరిమానా ఉంది, రాత్రిపూట పక్కన మనిషి కనబడడు. యజమాని ఓపిగ్గా విని, "నువ్వు చెప్పేది రైటే," అని ఒప్పుకున్నాడు. తీసిన గార్డును పక్కన తుడిచి ఉంచి, దాన్ని బిగించుకోవడానికి వచ్చి కూర్చున్న ఇంకో మనిషికి అప్పటికప్పుడే ధర చెప్పాడు.

అదనంగా పెట్టించిన హారన్ల తీగలు విప్పుతుంటే డాష్‌బోర్డు వెనక ఒక చోట తీగ మీది ప్లాస్టిక్ కరిగి నల్లగా అంటుకుపోయి కనబడింది. మూడు హారన్లకూ, కప్పు లైట్లకూ కలిపి ఒకే తీగ, మధ్యలో ఫ్యూజు లేకుండా లాగారు. 'ఇంకో ఎండాకాలం తిరిగితే తగలబడేది,' అన్నాడు యజమాని, అది ఎవరో వేరేవాళ్ళ పని అయినట్టు. వెతికిన లోపం దొరికినందుకు నాకు ప్రాణం లేచొచ్చింది. చవకకు మూడో జవాబు. కానీ తల్లికీ కొడుక్కీ దాని సంగతే తెలియదని, అదిరిపడిన కోటి ముఖం చూస్తేనే తెలిసింది. అంటే అది జవాబు కాదు.

చివరికి వెనక అద్దం మీద నాయకుడు మిగిలాడు.

"అది నేను తీయను," అన్నాడు యజమాని.

"నువ్వే గదా అంటించావు?"

"అంటిచ్చా. చింపను. చింపేటప్పుడు ఎవుడన్నా ఫోటో తీసి గ్రూపుల్లో పెడితే నా కొట్టు ఉంటదా?"

పనివాళ్ళు చూపులు తిప్పుకున్నారు. కోటి వేడి నీళ్ళ బకెట్టు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టి, రోడ్డు వైపు వెళ్ళి నిలబడ్డాడు. పల్నాడు మొత్తంలో ఆ బొమ్మను ముట్టుకోగలిగినవాడిని నేనొక్కడినేనని అర్థమైంది. గుడ్డ తడిపి గడ్డం దగ్గర మొదలుపెట్టాను. నాయకుడు నవ్వుతూనే పైకి లేచాడు. చెంపలు, మీసం, నుదురు వరుసగా వచ్చాయి. యజమాని దూరం నుంచే, "ముక్కలు కింద పడెయ్యబాక సారూ, తొక్కుతారు," అన్నాడు. ఒక్కో ముక్కా మడిచి పాత క్యాలెండరు కాగితంలో చుట్టి ఇస్తే, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఎన్నాళ్ళు దాస్తాడో అడగలేదు.

మధ్యాహ్నం బస్టాండు ఎదురుగా జొన్నరొట్టె తిన్నాం. రొట్టె ఇరవై, పండుమిరప పచ్చడి ఊరికే. పక్క బల్ల మీద కృష్ణ అవతలి నుంచి వచ్చిన ఇద్దరు మిర్చి ధర మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ యాసకూ వీళ్ళ యాసకూ తేడా నాకు తెలియలేదు. వాళ్ళు మాత్రం నా యాస విని, 'మీది ఏ దేశం సార్?' అన్నారు.

తిరుగుదారిలో గురజాల ఇంకా రాకముందే రోడ్డు పక్కన ఇద్దరు చెయ్యెత్తారు. కోటి బండి ఆపాడు. వాళ్ళు అడగలేదు, మేం పిలవలేదు. తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నారు. ఒకాయన నిన్నటి తలపాగా మామే.

"వెనక బొమ్మేదిరా?"

నేను తడి గుడ్డ కాళ్ళ కిందికి తోశాను.

"కొత్తది ఏపిత్తన్నా మావా. పెద్దది," అన్నాడు కోటి.

"మంచి పని. గార్డో?"

"అదీ కొత్తదే."

"ఈయన నిన్నటి ఇన్సూరెన్సాయన గదా. ఇంకా ఈడే ఉన్నాడేందిరా?"

"బండి పెద్దది గదా మావా, చూసుకోవాల," అన్నాడు కోటి.

ఊరి మలుపు దగ్గర దిగుతూ మామ కిటికీలోంచి తల పెట్టాడు. "పొద్దున ఎనిమిదింటికల్లా రా. నువ్వు లేందే బండ్లు కదలవు."

"అట్టాగే మావా."

బండి ఊళ్ళోకి తిరగలేదు, తిన్నగా పోయింది. అద్దంలో వాళ్ళిద్దరూ నిలబడి చూడటం కనబడింది.  కోటి సత్తెనపల్లిలో ఆపి నిమ్మసోడా తాగాడు. 

"అట్టాగే అనటం తప్ప నాకింకోటి రాదు సార్," అన్నాడు. "మా నాన్నకీ రాలేదు."

రాజమండ్రి, శుక్రవారం

పొద్దున్న ఏడున్నర నుంచి కోటి ఫోను మోగుతూనే ఉంది. వాడు మా ఇంటి ముందు బండి కడుగుతున్నాడు. తొమ్మిదింటికి ఒక్కసారి ఎత్తాడు. "అమ్మ బండి అమ్మేసింది మావా. దించటానికి వచ్చా. సాయంత్రానికి... అట్టాగే... అట్టాగే." పెట్టేసి నావైపు చూశాడు. "బస్సుకన్నా రమ్మంటన్నారు."

"వెళ్తావా?"

వాడు టైరు కడగడం మొదలుపెట్టాడు. నాకు గట్టిగా వద్దని చెప్పే హక్కుందో లేదో తెలియలేదు. బండి అమ్మినవాడికీ కొన్నవాడికీ మధ్య అంతకంటే ఏముంటుంది?

మా ఆవిడ కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "బాబూ, మా ఆయనకి వెనక్కి తీయడం రాదండీ. మొన్న నేర్చుకునేటప్పుడు గేటు పడగొట్టారు. నేర్పించి వెళ్దురూ," అంది.

అలా మధ్యాహ్నమంతా నేను వెనక్కి నడపడం నేర్చుకున్నాను. వాడు వెనక నిలబడి, 'ఎడమకి, ఇంకా, ఇంకా, ఆగండి,' అంటూ ఉన్నాడు. సీట్లకు వేసిన మందపాటి కవర్లు పక్క గాలి సంచులను మూసేస్తాయని వాడే చెప్పి వాడే కోసి తీసేశాడు. సాయంత్రం బస్సు టైము దాటిపోయింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఏడు గంటలకు ఆదిలక్ష్మమ్మ ఫోను చేసింది. ఊరేగింపులో రాళ్ళు పడ్డాయట. అవతలి వర్గంలో సుబ్బయ్యగారింటి కిటికీ అద్దం పగిలింది, ఒకరికి తల చిట్లింది. సుబ్బయ్య స్టేషన్లో కాగితం ఇచ్చాడు. తొమ్మిది పేర్లు. మొదటి పేరు కోటిది.

"వీడు ఇక్కడే ఉన్నాడు గదమ్మా!" అన్నాను.

"నాకు తెలుసు. నీకు తెలుసు. కాయితానికి తెలవదు గదన్నా," అంది ఆమె.

వెనక్కి, శనివారం

కేసు ఇంకా కట్టలేదు, రెండు వైపులనూ పిలిచారు. కట్టాక పేరు తీయించడం అంటే ఏళ్ళు. అందుకని తెల్లవారుజామునే నేనూ కోటీ అదే బండిలో బయలుదేరాం.

ఎస్సై కుర్రవాడు, మర్యాదస్తుడు. అందరినీ కూర్చోబెట్టాడు. సుబ్బయ్యకు డెబ్బై ఉంటాయి. ఆదిలక్ష్మమ్మను చూసి, "బాగుండావా వదినా?" అన్నాడు. "బాగుండా మరిదీ, అద్దం పగిలిందంట గదా," అంది ఆమె. ఒకరి మీద ఒకరు కేసు పెట్టుకోవడానికి వచ్చినవాళ్ళని ఆ పలకరింపు విన్నవాడెవడూ అనుకోడు.

ఎస్సై కాగితం చదివాడు. 'గార్డు ఉన్న తెల్లబండిని కోటేశ్వరరావు అతివేగంగా నడుపుకుంటూ వచ్చి...'

"ఆ బండి బయటుంది, చూస్తారా?" అన్నాడు.

సుబ్బయ్య బయటికొచ్చి బండి చుట్టూ తిరిగాడు. గార్డు లేదు, నల్ల అద్దాలు లేవు, లోపల సీటు మీద మా ఆవిడ మర్చిపోయిన చేతికర్ర ఉంది. "ఇది అది కాదు," అన్నాడు. నంబరు ప్లేటు చదివి ఇంకోసారి తిరిగాడు. "ఏంది వదినా, ఇట్టా బోడిగా చేశావు?"

అప్పుడు ఆదిలక్ష్మమ్మ కొంగులోంచి పాత ఫోను తీసి ఎస్సైకి ఇచ్చింది. టోల్ ట్యాగు ఇంకా ఆమె పేరు మీదే ఉంది, నేను మార్పించలేదు. గురువారం సాయంత్రం నుంచి ప్రతి టోల్ గేటు దగ్గరా పడిన మెసేజీలు వరసగా ఉన్నాయి. ఏ గేటు, ఎన్ని గంటలకు, అన్నీ. ఆమెకు చదవడం రాదు. ఫోను మోగినప్పుడల్లా బండి ఇంకొంచెం దూరం పోయిందని లెక్కేసుకుందట.

"ఇది చూస్తే బండి గురువారమే జిల్లా దాటింది, ఈ రోజే తిరిగొచ్చింది. మీరు శుక్రవారం చూశామని రాశారు," అన్నాడు ఎస్సై.

సుబ్బయ్య తడబడలేదు. "మేం రాసింది కూడా గురువారమే సార్."

"గొడవ జరిగింది శుక్రవారం గదా?"

"గొడవైనాక తలకాయలు పగిలి ఉంటాయి, అప్పుడు పేర్లు గుర్తొస్తయ్యా? ముందే రాసి పెట్టుకుంటాం. అద్దమో తలకాయో ఖాళీ వదిలేస్తాం. వాళ్ళూ అంతే. మా మీద వాళ్ళు రాసిందాంట్లో మా తమ్ముడి పేరుంటది చూడండి, వాడు పదిరోజుల నుంచి గుంటూరు ఆసుపత్రిలో ఉన్నాడు."

ఎస్సై రెండో కాగితం తీసి చూశాడు. ఉంది. ఆయన రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి పోల్చాడు. ముప్పయ్యేళ్ళలో ఇలాంటి కాగితాల మీద నేను ఎన్ని వార్తలు దిద్దానో లెక్కలేదు. 'ముందు బండి' అన్న మాటను ఏనాడూ కొట్టేయలేదు. చవకకు నాలుగో జవాబు అక్కడ దొరికింది. బండి ముందు వరసలో ఉంటే చాలు, లోపల ఎవరున్నారని ఎవరూ చూడరు. అది వాకిట్లో ఉన్నంతకాలం కోటి పేరు మొదటి వరసలోనే ఉంటుంది. ఆ బండి ఆమెకు ఊరికే పోయినా లాభమే.

"కోటి పేరు తీసేస్తారా సుబ్బయ్యగారూ?" అన్నాడు ఎస్సై.

"తీస్తా. లేనోణ్ణి ఉన్నాడంటే మిగతా ఎనిమిదిమందీ కేసులోంచి తేలిపోతారు." ఆయన కలం అడిగి, మొదటి పేరు మీద అడ్డంగా గీత గీసి పక్కన వేలిముద్ర వేశాడు. కోటి వైపు తిరిగి, "నీకు కరెంటాఫీసులో ఉద్యోగం వచ్చిందంట గదరా? మా లైను పొలం కాడ చానా కిందికి ఏలాడతంది. వచ్చినాక చూడు," అన్నాడు.

"అట్టాగే బాబాయ్," అన్నాడు కోటి.

నేను ఇక సెలవు తీసుకుందామని లేచాను. ఆదిలక్ష్మమ్మ నా చేతికి ఒక సంచీ ఇచ్చింది. బరువుగా ఉంది. కోటి బట్టలు నాలుగు జతలు, సర్టిఫికెట్ల ఫైలు, సీసాలో గోంగూర. "అన్నా, ఉద్యోగం విచారణ అయిందాకా రెండు నెల్లు వీణ్ణి నీ దగ్గరే ఉంచుకో. కారు నేర్పుతాడు," అంది. అడిగిన గొంతు కాదు అది. నేను ఎస్సై వైపు చూశాను, కోటి వైపు చూశాను. ఇద్దరూ నా జవాబు కోసమే చూస్తున్నారు. నేను కారు కొనడానికి వచ్చాను, బేరం ముగిసింది, డబ్బు ఇచ్చేశాను. ఈ సంచీ ఎందులో భాగమో నాకు తెలియలేదు. అయినా కింద పెట్టలేదు.

స్టేషన్లో కాగితాలు రాసే రైటరు రిజిస్టరు ముందుకు జరిపాడు. కుర్రవాడు ఊళ్ళో ఉండకపోతే ఎక్కడ ఉంటాడో రాసుకోవాలన్నాడు. నా పేరు చెప్పాను. రాజమండ్రిలో వీధి పేరు, డోర్ నంబరు చెప్పాను. ఫోను నంబరు ఇచ్చాను. అతను ఒక్కొక్కటే నిదానంగా రాసుకుని, తర్వాతి గడి దగ్గర కలం ఆపి తల ఎత్తాడు.

"కుర్రోడికి తమరు ఏమవుతారండీ?"

నేను నోరు తెరిచాను. పాత్రికేయుణ్ణి, కొనుగోలుదారుణ్ణి, ఇన్సూరెన్సాయన్ని. ఏది చెప్పాలో తేల్చుకునేలోపు నా వెనకనుంచి ఆదిలక్ష్మమ్మ చెప్పేసింది.

"మేనమామ."

రైటరు అలాగే రాసుకున్నాడు.